ముసలయ్య స్కౌట్ జిల్లా

సోమవారంలోగా పేరు పంపకపోతే కొత్త స్కౌట్ జిల్లా తిరిగి ఖమ్మంలో కలిసిపోతుంది. కలిసిపోతే దాని కార్యదర్శి కిషన్‌లాల్ మళ్లీ ఉత్త డ్రిల్లు మాస్టారే. ఎనభై నాలుగులో ఆ పదవి కోసం ఆయన అరగదీసిన చెప్పులు అన్నీ ఇన్నీ కావు.

జిల్లాకు పెట్టే పేరుకు షరతులు రెండే. మనిషి అడవికి మేలు చేసినవాడై ఉండాలి. బతికి ఉండకూడదు. సారపాకలో ఎవరిని అడిగినా తమ నాన్న పేరే చెప్పారు. ఆ నాన్నల్లో సగం మంది టీకొట్టు బల్ల మీదే కూర్చుని ఉన్నారు.

“పాత సంగతులు ముసలయ్యకే ఎరుక. గూడెంకు పోయి అడుగుండ్రి” అన్నాడు టీకొట్టు యజమాని.

ఆదివారం పొద్దున్నే కిషన్‌లాల్ ఇద్దరు తోటి మాస్టర్లతో కోయగూడెం చేరాడు. ముగ్గురివీ ఇస్త్రీ చేసిన ఖాకీలు, టోపీలు, మెడలో విజిళ్లు. ముసలయ్య భార్య భీమక్క వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది.

“ముసలయ్య ఉన్నడా అక్కా?”

ఆమె ముగ్గురినీ తల నుంచి కాళ్లదాకా చూసింది.

“లేడు సారూ. సచ్చిపోయిండు. నెల దాటింది.”

కిషన్‌లాల్ గుండె ఝల్లుమంది. నిజం చెప్పాలంటే, సంతోషంతో. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

“అడవిని మంచిగ చూసుకునేటోడా?”

“కన్నబిడ్డ లెక్క సారూ! ఒక్క చెట్టు మీద గొడ్డలి పెట్టలే. ఇంటి దూలానికి గూడ ఎదురు బొంగే ఏసిండు.”

ఎంత త్యాగం! లోపలికి వచ్చి ఫొటోకు దండం పెడతానన్నాడు కిషన్‌లాల్. భీమక్క గుమ్మానికి అడ్డంగా కూలబడి గొల్లుమంది. ఆయన కళ్లు కూడా చెమర్చాయి. అక్కడే నిటారుగా నిలబడి, మూడు వేళ్లు ఎత్తి స్కౌట్ సెల్యూట్ చేశాడు. ఆ మూడు వేళ్లు చూసి ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

సోమవారం పేరు వెళ్లింది. నెల తిరక్కుండా మంజూరైంది.

ప్రారంభోత్సవం రోజున బడి మైదానమంతా ఖాకీమయం. ‘కీర్తిశేషులు ముసలయ్య స్కౌట్ జిల్లా’ అని నిలువెత్తు బోర్డు పెట్టారు. భీమక్కకు శాలువా కప్పారు. ఆమె మెల్లగా కిషన్‌లాల్ దగ్గరికి వచ్చింది.

“సారూ, ఆయన సచ్చిపోయినట్టు ఆ బోర్డు మీద రాసిండ్రా?”

“మొదటి మాటే అది అక్కా.”

“పెద్దసారు గూడ ఒప్పుకున్నడా?”

“హైదరాబాదుల సంతకమైంది. ఇగ ఎవ్వరు మార్చలేరు.”

భీమక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. భర్త మీద ఇంత ప్రేమ ఎక్కడా చూడలేదనుకున్నాడు కిషన్‌లాల్. ఆమెను బస్సెక్కించే దాకా పక్కనే ఉన్నాడు.

గూడెం చేరగానే భీమక్క తలుపు గడియ పెట్టి, అటక వైపు చూసి కేకేసింది: “ఇగ దిగు మామా, నువ్వు సచ్చినవని ఫారెస్టోళ్లే బోర్డు పెట్టిండ్రు, నీ టేకు కేసు పోయినట్టే!”