మావయ్యగారి ఆరా

"వద్దు మావయ్యగారూ, మీకు పుణ్యముంటుంది. ఇదేమన్నా పెళ్ళి సంబంధమా, ఊరెళ్ళి ఆరా తియ్యడానికి?"

వైదేహి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రిటైరైన హెడ్మాస్టరు కామేశంగారు అప్పటికే ఉతికిన చొక్కా తొడుక్కుని, గొడుగు చంకలో పెట్టేశారు.

"సంబంధం కంటే ఎక్కువేనమ్మా. ముక్కూ మొహం తెలీనివాడి దగ్గర నువ్వు పని చెయ్యబోతున్నావు. జగ్గయ్యపేటలో బస్సెక్కితే నందిగామ ఎంతసేపు?"

కోడలి బాధ కోడలిది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో చేసుకునే పని కోసం ఆమె వెతకని వెబ్‌సైటు లేదు. తగిలినవాళ్ళంతా ముందు డిపాజిట్ కట్టమనేవాళ్ళే. అలాంటివాళ్ళకో నమస్కారం పెట్టి వదిలేసింది. ఇన్నాళ్ళకు నందిగామ నుంచి ఉదయభాస్కర్ అనే అతను పైసా అడక్కుండా, పిల్లల వీడియోలకు తెలుగు సబ్‌టైటిళ్ళు శాంపిల్‌గా రాయించుకున్నాడు. బాగున్నాయి, ఆలోచించి చెబుతానన్నాడు. ఈయన వెళ్ళి కూపీ లాగితే ఆ కాస్త ఆశా గల్లంతే.

"అతను డబ్బులడగలేదండీ."

"నా అనుమానం అక్కడేనమ్మా," అంటూ ఆయన పక్కనుంచి జారుకున్నారు.

"ఈ ఆరాలతో చుట్టాలందరి సంబంధాలూ చెడగొట్టారు. ఇదొక లెక్కా," అంది అత్తగారు ప్రసూనాంబ వంటింట్లోంచి.

ఆ పూటంతా వైదేహికి కాలు నిలవలేదు. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. పొద్దువాలాక వచ్చి, తీరిగ్గా మంచినీళ్ళు తాగి, కుర్చీలో వెనక్కి వాలారు.

"ఆఫీసుందాండీ?"

"ఉంది. బస్టాండు వెనక మేడ మీద. కుర్రాడు బుద్ధిమంతుడు, పని చేయించుకుని డబ్బులెగ్గొట్టే రకం కాదని కింద టైలరు చెప్పాడు."

"మీరెవరో చెప్పలేదు కదా?"

"ఆరాకెళ్ళినవాడు ఎవరి తాలూకో చెప్పుకుంటాడా? అద్దెకి ఇల్లు చూసుకుంటున్నానన్నా. కానీ టైలరు గడుసువాడు. ఎవరో మీ గురించి గుచ్చిగుచ్చి అడుగుతున్నారని పైకి ఫోన్ కొట్టాడు. కుర్రాడు దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు."

వైదేహికి ఏడుపొక్కటే తక్కువ. "తిట్టాడా?"

"కాఫీ ఇప్పించాడు. ఇంత పట్టుగా ఆరా తీసే మనిషి కోసమే చూస్తున్నానన్నాడు. ఆన్‌లైన్లో పని ఒప్పుకుని, మధ్యలో మాయమయ్యేవాళ్ళతో విసిగిపోయాట్ట. కొత్తగా వచ్చేవాళ్ళ సంగతి కనుక్కుని చెప్పే ఉద్యోగం నాకిచ్చాడు. జగ్గయ్యపేటవాణ్ణంటే మరీ సంబరపడ్డాడు."

"మీకా?" అంది వైదేహి. "మరి నా పని సంగతి అడిగారా?"

కామేశంగారు కళ్ళజోడు తుడుచుకుని, కోడల్ని ఎగాదిగా చూశారు.

"అది చెప్పాల్సింది నేనేనమ్మా. 'జగ్గయ్యపేటలో వైదేహి అని ఒకావిడ ఉంది, నమ్మొచ్చో లేదో కనుక్కురండి' అని మొదటి పనిగా నిన్నే అప్పజెప్పాడు."