చప్పట్లు కొట్టని మనిషి

ఆదివారం మీటింగులో ఆ మనిషి మళ్ళీ చివరి కుర్చీలోనే కూర్చున్నాడు.

కోటమ్మ గుండె మళ్ళీ ఝల్లుమంది.

అందరూ చప్పట్లు కొడతారు. వాడు కొట్టడు. అందరూ నవ్వుతారు. వాడు నవ్వడు. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని జనం తలలకేసి చూస్తూ కూర్చుంటాడు.

మైకు ముందున్నది కోటమ్మ కొడుకు యుగంధర్. రాయపూర్ పక్కన బీర్‌గావ్‌లో వెల్డింగ్ షాపు వాడిది. ఇనుము కొంటే జీఎస్టీ, గేటు చేసి అమ్మితే జీఎస్టీ, షాపుకి బోర్డు కట్టుకుంటే దానికో పన్ను. విసిగిపోయి స్నేహితులతో కలిసి పార్టీ పెట్టాడు. కర్ ఘటావో పార్టీ. పన్నులు తగ్గించండి, అదొక్కటే వాళ్ళ మాట.

పార్టీకి ఇంకా రిజిస్ట్రేషన్ రాలేదు. వందమంది సభ్యుల చేత అఫిడవిట్లు రాయించి ఢిల్లీలో ఎన్నికల సంఘానికి పంపారు. జవాబు వచ్చేదాకా ఆ వందమందీ బెదరకుండా నిలబడాలి. మనుషులు జారిపోతే కాగితాలు తిరిగొచ్చేస్తాయట.

కోటమ్మకి పార్టీ వద్దు, రిజిస్ట్రేషనూ వద్దు. కొడుకు క్షేమంగా ఇంటికి చేరితే చాలు. ఫోను మోగితే ఆసుపత్రి నుంచేమో అనుకునే మనిషి ఆమె.

"ఒరే, ఎవడ్రా ఆ చివరోడు?" మైకు వదిలి పక్కకొచ్చిన కొడుకుని అడిగింది.

"మన అభిమాని అమ్మా. వాన పడ్డ రోజు కూడా వచ్చాడు."

"అభిమానైతే చప్పట్లు కొట్టడేం? చేతులు అరిగిపోతాయా?"

"నువ్వు మాత్రం కొడుతున్నావా?"

"నేను నిన్ను కన్నాను. నాకు మాఫీ."

మీటింగు అయ్యాక పులిహోర పొట్లాలు పంచడం కోటమ్మ పని. ఆరోజు కావాలనే ఆ మనిషి దగ్గరికి వెళ్ళింది.

"లీజియే భయ్యా," అంటూ పొట్లం అందించింది.

అతను పొట్లం విప్పి వాసన చూశాడు. "ఇంగువ బాగా వేశావక్కా. మీదే ఊరు?" అన్నాడు, శుభ్రమైన తెలుగులో.

కోటమ్మ బిత్తరపోయింది. "పార్వతీపురం. నువ్వు?"

"బొబ్బిలి పక్కన. సూర్యారావంటారు."

"ఏటి పని చేస్తావు?"

"తిరుగుడు పనక్కా."

ఏ తిరుగుడో చెప్పలేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మొదట్లో పదిమంది వచ్చేవారు. ఇప్పుడు సగం బజారు ఇక్కడే ఉంది. ఇంత జనం మంచిది కాదక్కా. కొన్నాళ్ళు మానుకోమను మీవాణ్ణి."

కోటమ్మకి ఒళ్ళు భగ్గుమంది. జనం వస్తే మంచిది కాదా? కన్నతల్లి ముందు నిలబడి అనే మాటేనా అది?

"నీ దిష్టికళ్ళు మండిపోను! ఎవడు పంపాడ్రా నిన్ను? మా పార్టీ అంటే గిట్టని ఆ కార్పొరేటరే కదూ? పట్టుకోండి వీణ్ణి!"

జనం మూగారు. ఒకడు కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు హెల్మెట్ లాక్కుని రోడ్డు మీదికి విసిరాడు. చుట్టూ ఫోన్లు లేచాయి, వీడియోలు తీశారు.

సూర్యారావు కాలరు విడిపించుకున్నాడు. హెల్మెట్ ఏరుకుని వెళ్ళిపోయాడు. పొట్లం మాత్రం పారెయ్యలేదు.

"ఎందుకమ్మా అలా? పాపం!" అన్నాడు యుగంధర్.

"నువ్వూరుకో. నీకేం తెలుసు?"

ఇంటికెళ్ళాక ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల మీద వేసింది. ఘాటు రానే లేదు.

"చూశావా, ఎంత దిష్టి తగిలిందో!"

మరుసటి ఆదివారం చివరి కుర్చీలో కొత్త మనిషి. నున్నగా గడ్డం గీసుకున్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఇతనే. పక్కవాళ్ళ పేర్లూ షాపులూ కనుక్కున్నాడు. అందరితో ఫొటోలు దిగాడు. "మాతాజీ" అంటూ కోటమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

ఆమె పొంగిపోయి రెండు పొట్లాలు ఇచ్చింది.

"మనిషంటే వీడురా," అంది కొడుకుతో.

ఆ వారం తిరక్కుండానే యుగంధర్‌ని ఠాణాకి తీసుకుపోయారు. అనుమతి లేకుండా రోడ్డు మీద జనాన్ని పోగేశాడట. ఫొటోల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి గద్దించి వచ్చారు.

ముందుగా కిరాణా మహేంద్ర వచ్చాడు. "అమ్మా, నా పేరు తీసేయమని చెప్పు. ఆడపిల్లలున్నవాణ్ణి."

సాయంత్రమయ్యేసరికి గుమ్మం ముందు చెప్పులే చెప్పులు. అందరిదీ అదే మాట.

కోటమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని ఏడుస్తూ ఠాణాకి పరుగెత్తింది.

లోపల బల్ల దగ్గర "మాతాజీ" అన్న మనిషే కూర్చున్నాడు. ఒంటి మీద ఖాకీ. ఆమెని చూసి తల పక్కకి తిప్పుకున్నాడు.

కోటమ్మ డబ్బా పక్కన పెట్టి కింద కూర్చుంది. గోడకి చేరగిలబడింది. రాజశ్రీ అనే ఆడ కానిస్టేబులు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మావాణ్ణి వదుల్తారా బేటీ?"

"కేసు రాసేశారు అమ్మాజీ. ఇక పార్టీ సంగతి మర్చిపొమ్మనండి."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదే! ప్రతి ఆదివారం పెట్టాడే!"

రాజశ్రీ అటూ ఇటూ చూసి పక్కన కూర్చుంది.

"మీ దగ్గర జనం ఉన్నారని పైవాళ్ళకి తెలిస్తే కదా! మొన్న ఆ గొడవ వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అందులో మీ జనమంతా కనపడ్డారు. మా సూర్యారావుగారిని ఆ రోజే నక్సలైట్లుండే సుక్మా అడవులకి మార్చేశారు."

కోటమ్మ గ్లాసు కింద పెట్టింది. "మీ సూర్యారావా?"

"ఆయన మా హెడ్ కానిస్టేబులు అమ్మాజీ, మీ అబ్బాయి మీటింగుకి నలుగురు కూడా రావడం లేదని ఇన్నాళ్ళూ పైకి రాసి పంపింది ఆయనే."