చప్పిడి డబ్బా

కాకిని పిలవడంలో అద్దంకి చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. నేను గొంతెత్తి ఒక్క 'కా' అన్నానంటే, వాడరేవులో ఎండబెట్టిన చేపల్ని వదిలేసి మరీ కాకులు ఇటు బయల్దేరతాయి. అలాంటి నా గొంతు సుబ్బరావమ్మ చిన్నదినం నాడు బొంగురుపోయింది. పిట్ట ముట్టలేదు.

కాలవగట్టు మీద విస్తరి వేసి ఉంది. గారెలు, ముద్దపప్పు, గోంగూర, పండుమిరప పచ్చడి. ఎదురుగా తుమ్మచెట్టు మీద కాకి కూర్చునే ఉంది. దిగదు. పోయిన మనిషికి తీరని దిగులేదో ఉంటే పిట్ట ముట్టదంటారు. అది ముట్టేదాకా ఇంటివాళ్లెవరూ ముద్ద నోట పెట్టకూడదు.

"ఏదో మనసులో పెట్టుకునే పోయింది," అన్నాడు సుబ్బరావమ్మ అన్న అంకమ్మరావు. చెట్టు వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, కల్లంలో మిరపకాయలు నేను ఎత్తిస్తా. మిర్చి యార్డుకి నేనే తోలిస్తా. దిగు తల్లీ."

కాకి ముక్కు కొమ్మకేసి రుద్దుకుంది.

"నీ గేదెను అమ్మనివ్వంలేవే," అంది వెనకనుంచి ఎవరో ముసలమ్మ.

కాకి అటు తిరిగి కూర్చుంది.

"కాయల కోసం, గేదె కోసం దిగులు పడేదా మా అక్క?" చెల్లెలు నాగజ్యోతి కళ్లు తుడుచుకుని, అక్క మొగుడు యలమంద వైపు చూసింది. "బావా, నీ కాళ్లు చూసుకున్నావా?"

యలమంద పంచె కిందికి లాక్కున్నాడు. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

అతని కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, ఉప్పూ పచ్చడీ ముట్టుకుంటే బతకడనీ ఒంగోలు డాక్టరు చెప్పిన నాటి నుంచీ సుబ్బరావమ్మ ప్రతి ఆదివారం కూరగాయలు తరిగేది. ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టి, వారానికి సరిపడా డబ్బాలకెత్తి ఫ్రిజ్‌లో పెట్టేది. తను మిరపకోతలో ఉన్నా మొగుడికి పూట తప్పకూడదని. మొన్న సోమవారం కల్లంలో కాయలు ఎండకు నెరుపుతూనే ఒరిగిపోయింది. డబ్బాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. యలమంద మాత్రం అప్పట్నుంచీ, ఇంక అడిగేదెవరన్నట్టు, చుట్టాలు తెచ్చిన క్యారేజీల్లో ఆవకాయ వెతుక్కుంటున్నాడు.

"సుబ్బులూ, ఉప్పు మానేస్తానే," అన్నాడు చెట్టుకేసి చూసి. "ఒట్టు."

కాకి కదల్లేదు.

"ఎట్టా నమ్ముద్ది?" అంది నాగజ్యోతి. "పత్తి కొట్లో పచ్చడి జాడీ దాచుకుని, అక్క నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసిన మనిషివి. అక్కకి తెలవదనుకున్నావా? ఆ జాడీ నాకు చూపించి ఏడ్చింది."

ఎండ నడినెత్తికొచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుపు లంకించుకున్నారు.

"జ్యోతీ," అన్నాడు యలమంద చివరికి. "ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో డబ్బా ఒకటి పట్టుకురా."

తెచ్చింది. సొరకాయ ముక్కలు. తెల్లగా, మంచులా చల్లగా ఉన్నాయి. విస్తరి ముందు చతికిలబడి మూత తీశాడు.

"పిట్ట ముట్టకుండా నువ్వు తినకూడదు బావా! అపచారం," అన్నాడు అంకమ్మరావు.

"దీన్ని తిండని ఎవరంటారు బావా?"

పెళ్లాన్ని రోజూ దెప్పిన మాటే అది. ఒక్కో ముక్కా నోట్లో పెట్టుకుని, తిట్టకుండా, మొహం చిట్లించకుండా నమిలాడు. అడుగున మిగిలిన నీళ్లు కూడా తాగేసి, ఖాళీ డబ్బా చెట్టుకేసి ఎత్తి చూపించాడు.

"చూడవే. అంతా తిన్నా."

కాకి రివ్వున దిగింది. గారె ముక్కున కరుచుకుని మిరప కల్లం మీదుగా ఎగిరిపోయింది. గట్టంతా ఒక్కసారి గొల్లుమంది.

ఇందులో నేను కల్పించింది ఆ కాకి దిగడం ఒక్కటే. వాడరేవు చేపల సంగతంటారా, సరే, అదీ వేసుకోండి. పొద్దుగూకేదాకా అరిచినా ఆ మొండిఘటం కొమ్మ దిగలేదు. విస్తరి ఆవుకి పెట్టి ఇళ్లకు వచ్చేశాం. అది దిగి ఉంటే మర్నాడే యలమంద పచ్చడి జాడీ కోసం పత్తి కొట్లోకి పోయి ఉండేవాడు. ఇవాళ్టికీ తనే సొరకాయ తరిగి, ఉడకబెట్టి, నీళ్లు పారబోసి, మధ్యాహ్నమయ్యేసరికి డబ్బా పట్టుకుని ఆ తుమ్మచెట్టు కిందికి వెళ్తున్నాడు. ఒక్కో ముక్కా కాకికి చూపించి మరీ తింటున్నాడు.