గోడ మీద కాకి

“మీరు అమ్మిన ఆట ఇంటర్నెట్లో ఊరికే ఇస్తున్నారు కదండీ” అంటూ పాత ఖాతాదారు పెన్‌డ్రైవును బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు.

కొట్టు యజమాని కాకి దాన్ని తీసి సొరుగులోకి విసిరేశాడు.

కాకి అతని అసలు పేరు కాదు. బళ్ళో చదివేటప్పుడు గొంతును బట్టి తోటివాళ్ళు తగిలించిన పేరు. ఎగతాళిని కూడా వృథా పోనిచ్చే మనిషి కాదతను. వీడియో గేముల వ్యాపారంలోకి దిగాక దాన్నే తన గుర్తుగా చేసుకున్నాడు. కొట్టు దాటే ప్రతి ఆటలోనూ ఎక్కడో ఓ చోట నల్లటి కాకి బొమ్మ ఉంటుంది. ఈ ఆటలో మొదట్లోనే ఉంది. వాన వెలిసిన వీధిలో ఓ పిల్ల తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ నడుస్తుంది. పక్కన పాచిపట్టిన గోడ. గోడ మీద కాకి.

ఊరికే దొరుకుతున్న ఆటను తెరిచి చూశాడు. అదే పిల్ల, అదే వీధి, అదే గోడ. కాకి లేదు.

“చూశావా, నా గుర్తు తుడిచేశాడు” అన్నాడు కొట్లో సాయంగా ఉండే బావమరిదితో. “తుడిచిన మరక కూడా లేదు. చెయ్యి తిరిగిన దొంగ.”

కొట్టు ఈ ఒక్క ఆట మీదే నిలబడింది. అది చేతికొచ్చిన రోజు నుంచి తన మాట వినేదాకా కాకి కుర్చీ దిగలేదు. కళ్ళు మండాయి, నడుం పట్టేసింది, ఇంట్లో భార్య చేత మాటలు పడ్డాడు. చివరికి ఆట అమ్మకానికొచ్చింది, జనం ఎగబడ్డారు. ఆ ధైర్యంతోనే పక్క గది కూడా అద్దెకు తీసుకున్నాడు. ఇప్పుడు బేరాలు ఆగిపోతే కొత్త గదే కాదు, పాత గదీ ఖాళీ చెయ్యాల్సిందే.

అన్నిటికంటే అతనికి రోత పుట్టించింది ఆ ఊరికే ఇచ్చేవాడు ఆట కింద రాసుకున్న ముక్క. ‘డబ్బులుంటే తోచింది ఇవ్వండి. లేకపోతే ఊరికే ఆడుకోండి.’ దాని కింద బారెడు పొగడ్తలు. ఒకడు తమ్ముడు దొరికినచోట ఏడ్చేశాడట. ఇంకొకడు చేతులెత్తి మొక్కుతున్నాడట.

“దొంగిలించి, పైగా జోలె పట్టాడు” అన్నాడు కాకి. “థూ.”

ముందు తాళం వేసి చూశాడు. తన పెన్‌డ్రైవు ఉంటే తప్ప ఆట నడవకుండా ఏదో మెలిక పెట్టాడు. డబ్బిచ్చి కొన్నవాళ్ళే ఆట తెరుచుకోవడం లేదని కొట్టు మీదికి పోట్లాటకొచ్చారు. దొంగకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

పోనీలెమ్మన్నాడు బావమరిది. ఊరికే తీసుకునేవాళ్ళు ఎలాగూ కొనేవాళ్ళు కాదన్నాడు. దాన్ని మనకు ప్రచారం అనుకుని, మంచి పెట్టెలో పెట్టి, ఇంకాస్త చవగ్గా ఇచ్చి, కొనేవాళ్ళతో నవ్వుతూ మాట్లాడితే బేరం ఎక్కడికీ పోదన్నాడు. వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. కానీ కాకికి మింగుడు పడలేదు.

“చెమట నాది, మెప్పు వాడిదీనా? నువ్వు నవ్వరా. నాకు వాంతొస్తోంది.”

పెద్ద బేరగాడిలా ఓ మెయిల్ రాశాడు. మీ ఆట చాలా నచ్చింది, మాట్లాడుకుందాం, ఎక్కడుంటారు అని. చిరునామా వెంటనే వచ్చేసింది. దొంగకి భయం కూడా లేదు. అదొక అసహ్యం.

బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఇరుకు మెట్లు, మెట్ల కమ్మీ మీద తడిబట్టలు. పైఅంతస్తులో తలుపు తీసింది ఓ ఆడమనిషి. చంకలో నిద్రపోతున్న పాప, చెవి మీద పెన్సిలు.

మీ ఆయన్ని పిలవమన్నాడు కాకి.

“మెయిల్ రాసింది మీరేనా అన్నా? ఆట సంగతైతే నాతోనే మాట్లాడాలి. రండి, కూర్చోండి.”

ఒకటే గది. ఓ పాత కంప్యూటరు, దాని మీద ఆరేసిన పాప గౌను. గోడల నిండా పెన్సిలు బొమ్మలు. అన్నీ ఆ ఆటలోవే. ఆ పిల్ల, ఆ తమ్ముడు, ఆ వీధి. దొంగసొత్తును ఇంట్లో అతికించుకుని మురిసే రకమన్నమాట. కాకికి ఆ గదిలో గాలి పీల్చాలంటేనే ఒళ్ళు జలదరించింది.

కూర్చోలేదు. సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, తన ఆట తెరిచి, ఆమె ముందు పెట్టాడు.

“గోడ మీద ఏముంది?”

“కాకి.”

“నా గుర్తు. నువ్వు పంచేదాంట్లో అది ఎందుకు లేదు?”

ఆమె నిద్రలో కదిలిన పాపను జోకొట్టింది. అక్కడితో అతనికి ఆపుకోవడం చేతకాలేదు. “ఏవమ్మా, ఒకళ్ళు కళ్ళు పోగొట్టుకుని చేసింది ఎత్తుకొచ్చి, పేరు తుడిచేసి, నీ సొమ్మే అయినట్టు పంచిపెడితే, దాన్ని నమ్ముకుని బతికేవాళ్ళు ఏమైపోవాలి? కన్నబిడ్డను ఎత్తుకుపోయినట్టుంటుంది. నీకెవడన్నా ఇలా చేస్తే తెలుస్తుంది.”

గోడల మీది బొమ్మలను ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చిన బావమరిది, ఎందుకో గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

ఆమె పాపను భుజం మార్చుకుని, తెర మీదికి వంగి, గోడ మీది కాకిని వేలితో చూపించింది.

“ఈ ఆట తయారుచెయ్యడం మొదలుపెట్టిన రోజు నేను గీసిన మొదటి బొమ్మ ఈ గోడే అన్నా. అప్పుడు దీని మీద కాకి లేదు.”