నాలుగు ఫ్రేముల తేడా

“తాత కుంటుతున్నాడు,” అన్నాడు డైరెక్టరు, తెర మీది బొమ్మను ఆపి. “మన కథలో తాత కుంటడు కదమ్మా!”

యానిమేషన్ స్టూడియోలో ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. మిగతావాళ్లు బొమ్మలు గీస్తే, అవి ఎలా కదలాలో ఆమె సూత్రాలు రాస్తుంది. చిన్నప్పుడు లెక్కలు నేర్పింది నాన్నే. ఈ సినిమాలో తాత నడక కూడా నాన్నదే. రోజూ పొద్దున్నే ఆయన కాళ్లకు తెల్ల స్టిక్కర్లు అంటించి, వరండాలో నడిపించి వీడియో తీస్తుంది. ఆ స్టిక్కర్ల కదలికను సూత్రం కొలిచి బొమ్మకు ఇస్తుంది.

ఆ సూత్రమే ఇప్పుడు ఆమె పరువు తీస్తోంది. మొదటి రోజు ఎడమ కాలు ఒక్క ఫ్రేము వెనకబడింది. సెకనులో ఇరవై నాలుగో వంతు, ఎవరి కంటికీ ఆనలేదు. తర్వాత రెండు. ఇవాళ నాలుగు.

“శుక్రవారం లోపు కాకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తా. ఏమనుకోకు.”

ఆరేళ్ల చాకిరీ. ఏమనుకోకూడదట!

ఆమెకు తిండి సయించలేదు. సూత్రాన్ని మూడుసార్లు తిరగరాసింది. కెమెరా మార్చింది. చివరికి నాన్న మీద పడింది.

“స్టిక్కరు కదిలిపోతోంది నాన్నా. కాలు సరిగ్గా ఎత్తు.”

“ఎత్తుతూనే ఉన్నానే తల్లీ. ఈ చెప్పే వదులై జారిపోతోంది. బొమ్మకు నడక నేర్పబోయి నాచేత తప్పటడుగులు వేయించేలా ఉన్నావు!”

“జోకులు తర్వాత. ఇంకోసారి నడువు.”

ఆయన నడిచాడు. మళ్లీ నాలుగే.

గురువారం ఆమెకు ఉపాయం తట్టింది. ఎడమ కాలి కొలతలన్నీ పక్కన పడేసి, కుడి కాలివే తిప్పి అక్కడ అతికించింది. తెర మీద తాత దర్జాగా నడిచాడు.

“ఇదీ నడకంటే!” అని డైరెక్టరు చప్పట్లు కొట్టాడు.

ఆమె గాల్లో తేలుతూ ఇంటికొచ్చింది. “నీ నడక సరిచేసేశా నాన్నా!”

“హమ్మయ్య,” అన్నాడాయన, కుర్చీలోంచి లేవకుండానే.

శనివారం ఆస్పత్రిలో డాక్టరు, “ఈయన ఎడమ కాలు ఎప్పట్నుంచి ఈడుస్తున్నారు?” అని అడిగితే, ఆమె లాప్‌టాప్ తెరిచి, తను తప్పు అనుకుని పక్కన పడేసిన తొమ్మిది రోజుల లెక్కను తారీఖులతో సహా చూపించింది.