నలభై రోజుల సెట్టు

"నాలుగు వందలా? ఊలుకి తొంభై కూడా అవదు కదండీ," అంది సరళ, గులాబీరంగు బుల్లి స్వెటరుని తిరగేసి చూస్తూ. ఏప్రిల్ ఎండకి ఏలూరు ఉడికిపోతోంది. పైన ఫ్యాను తిరుగుతున్నా, ఊలు ముట్టుకున్నందుకే ఆమె అరచేతులకి చెమట పట్టింది.

"ఊలు తొంభయ్యేనండీ. మిగతాది నలభై రోజుల చేతిపని," అంది విజయకుమారి. ఆమె ఒళ్ళో ఊలుండ, చేతిలో సూదులు, వాటికి వేలాడుతూ బెత్తెడు అల్లిక.

"ఇంట్లో ఊరికే కూర్చుని అల్లేదేగా."

"ఊరికే కూర్చోవాలని నాకూ ఉంటుందండీ. అది మానుకున్నందుకే ఆ మూడొందల పదీ."

సరళ తన ఇబ్బందంతా వచ్చీరాగానే చెప్పుకుంది. ఆదివారం తాడేపల్లిగూడెంలో తోటికోడలు లహరి కూతురికి బారసాల. లహరి పుట్టింటివాళ్ళకి రైసు మిల్లుంది. కిందటేడు సరళ కొడుకు పుట్టినరోజుకి వాళ్ళు వెండి పళ్ళెం పెట్టారు. ఇప్పుడు తను తక్కువది పట్టుకెళితే అత్తగారు పదిమందిలోనూ అననే అంటుంది. ఎక్కువది కొనే వీలు లేదు. షాపులో కొన్నదైతే లహరి తల్లి అలా చేత్తో పట్టుకుని ఖరీదు చెప్పేస్తుంది. చేత్తో అల్లినదాని విలువ మాత్రం ఆ మిల్లులో ఏ కాటాకీ అందదు.

"షాపుల్లో మిషన్ సెట్టు నూట ఎనభైకే ఇస్తున్నారండీ," అంది చివరికి.

"తీసుకోండి. మీ తోటికోడలి అమ్మగారు కూడా అక్కడే కొంటారేమో, చూడగానే గుర్తుపడతారు."

"పోనీ మూడొందలు చేసుకోండి. బోణీ బేరం."

"బోణీ ఎప్పుడో అయిందండీ. ఇప్పటికి పదకొండుసార్లు అమ్మాను. ఒక్కరికీ తగ్గించలేదు."

"అన్నీ గులాబీరంగేనా? వేరే రంగు అల్లరా?"

"నా చేతికి ఆ రంగే అచ్చొచ్చిందండీ."

సరళ సెట్టులోని టోపీని ముక్కు దగ్గర పెట్టుకుంది. "కలరా ఉండల వాసనేస్తోందేంటి?"

"ఊలు కదండీ, పురుగు పట్టకుండా చూసుకోవాలి. అసలిది మా చర్చిలో జోసెఫ్ గారి మనవరాలికని ఒప్పుకున్నది. మీ అవసరం చూసి తీశాను. వద్దంటే చెప్పండి, నలభై రోజులాగితే..."

"బారసాల ఆదివారమండీ," అంటూ సరళ నాలుగు వందనోట్లు బల్ల మీద పెట్టింది.

ఆమె గేటు దాటాక ప్రసాదరావు పేపరు కిందికి దించాడు. "పాపం, మూడున్నరకి ఇవ్వాల్సింది."

"ఒకసారి తగ్గిస్తే అది చేతిపని అవదండీ, ఆషాఢం సేలు అవుతుంది," అంది విజయకుమారి భర్తతో.

బారసాలలో సరళ ఆ నలభై రోజుల్ని రెండు నెలలు చేసి చెప్పింది. ముందే ఆర్డరిచ్చి, దగ్గరుండి అల్లించానంది. ఏలూరు పవర్‌పేట విజయకుమారి గారంటే మామూలు చెయ్యి కాదంది. లహరి తల్లి స్వెటరుని అరచేతిలో ఎగరేసి చూసింది కానీ ఖరీదు తేల్చలేకపోయింది. "ఆ శ్రద్ధ మా పెద్దకోడలికే ఉందమ్మా," అంది అత్తగారు. ఆ మాటకి నాలుగు వందలూ అక్కడికక్కడే గిట్టుబాటయ్యాయి.

మూడు వారాలకి విజయకుమారి ఇంటిముందు ఆటో ఆగింది. పమిట చాటున ఒక కవరు పెట్టుకుని లహరి దిగింది.

"నేను సరళక్క తోటికోడల్నండీ, గూడెం నుంచి. మా పాపకి మీరు రెండు నెలలు కూర్చుని అల్లారంటగా."

విజయకుమారి చేతిలోని బెత్తెడు అల్లికని పక్కన పెట్టింది. "రండి, కూర్చోండి. ఏమైంది?"

"ఏమీ అనుకోకండేం. స్టూడియోలో ఫొటో కోసం ఒక్క అయిదు నిమిషాలు తొడిగామండీ. పిల్ల ఒళ్ళంతా చెమటకాయలు. ఇంకెవరికైనా పెడదామంటే అక్కకి తెలిసిపోతుంది. చేత్తో అల్లింది పారేయడానికి మనసొప్పలేదు." లహరి కవరు ముందుకు జరిపింది. "మీరైతే ఆ ఊలు విప్పి ఇంకేదైనా అల్లుకుంటారని..."

విజయకుమారి ముఖం చిన్నబోయింది. స్వెటరుని ఒళ్ళోకి తీసుకుని మెల్లగా నిమిరింది. "మీ తప్పేముందిలెండి. మన ఎండలు అలాంటివి."

"డబ్బులేం వద్దండీ. అక్కకి మాత్రం చెప్పకండి."

"ప్రాణం పోయినా చెప్పను."

లహరి మజ్జిగ తాగి, ఇంకో రెండుసార్లు అదే మాట తీసుకుని, తేలికపడ్డ మనసుతో ఆటో ఎక్కింది.

విజయకుమారి తలుపు దగ్గరగా వేసి, స్వెటరూ టోపీ సాక్సులూ వెలుతురుకి పట్టి, ఎక్కడైనా పోగు లేచిందేమోనని ఓపిగ్గా చూసింది. ఎక్కడా లేవలేదు.

ఆమె ఇన్నేళ్ళలో అల్లింది ఆ ఒక్క సెట్టే.