ఒక్కడు ఆగాడు

"ఆ టీషర్టులు విప్పుతారా, మమ్మల్ని వెళ్ళిపొమ్మంటారా?"

స్టేడియం కాపలాకి వచ్చిన ఐదుగురు పోలీసుల్లో ఒకడు అన్న మాట అది. బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండుమంది అమ్మాయిలూ ఆట దుస్తుల మీద నల్ల టీషర్టులు వేసుకున్నారు. అన్నిటి మీదా ఒకటే పేరు: లెమార్ గేన్స్. మూడు వారాల క్రితం ఇదే ఊళ్ళో పోలీసులు కారు ఆపి కాల్చి చంపిన నల్లజాతి బస్సు డ్రైవరు.

"వెళ్ళండి. దారి తెలుసుగా?" అంది కెప్టెన్ ఒడెస్సా.

జట్టు మేనేజర్ డోలన్‌కి చెమటలు పట్టాయి. "నీకు దణ్ణం పెడతా ఒడెస్సా! లోపల ఎనిమిది వేలమంది ఉన్నారు. జాతీయగీతం అయ్యేదాకా విప్పండి, చాలు."

"ఆయన చచ్చిపోతే మీరు పెదవి విప్పలేదు సార్. ఇప్పుడు మమ్మల్ని టీషర్టులు విప్పమంటున్నారు."

నలుగురు పోలీసులు విసవిసా తలుపు వైపు నడిచారు. ఒక్కడు కదల్లేదు. నెరిసిన జుట్టు, తెల్లాయన. సార్జెంట్ వోస్.

"రావయ్యా వోస్!"

"మీరు పదండి. నేనుంటాను."

"సిగ్గులేదూ?" అని తలుపు దగ్గర ఒకడు ఉమ్మేసి పోయాడు.

గీతం మొదలైంది. పన్నెండుమందీ లేచి నిలబడకుండా, నిరసనగా ఒక మోకాలి మీద కూర్చున్నారు. గ్యాలరీలోంచి ఈలలు, బూతులు. "దేశం వదిలి పోండే!" అని ఎవరో విసిరిన కాగితం గ్లాసు ఒడెస్సా భుజానికి తగిలింది. చల్లటి కోలా వీపు మీదుగా కారింది. ఆమె తుడుచుకోలేదు. మొదటి వరసలో లెమార్ తల్లి ఎర్లీన్ కొడుకు ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒడెస్సా ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

ఆడుతున్నంతసేపూ ఒడెస్సాకి ఒకటే కంపరం. వోస్ జనాన్ని కాయడం లేదు. ఆటా చూడటం లేదు. కళ్ళార్పకుండా ఎర్లీన్‌నే చూస్తున్నాడు.

ఆట ముగిసిన గంట మోగింది. గెలిచామో ఓడామో కూడా చూడకుండా ఒడెస్సా పరిగెత్తింది. అప్పటికే వోస్ ఎర్లీన్ వైపు నడుస్తున్నాడు. వెళ్ళి అడ్డం నిలబడింది.

"ఆమె జోలికి రాకండి. చేసింది చాలదా?"

"ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతానమ్మా."

"ఇంకేం మాట? లెమార్ మీ తుపాకీ లాక్కోబోయాడని రాసుకున్నారుగా మీవాళ్ళు! అది ఈ తల్లి మొహం మీద కూడా చెప్పాలా?"

ఎర్లీన్ మెల్లగా లేచి ఒడెస్సా భుజం మీద చెయ్యి వేసింది. "తప్పుకో తల్లీ. చెప్పనీ."

వోస్ టోపీ తీసి పట్టుకున్నాడు.

"మీ అబ్బాయి చేతులు పైకే ఉన్నాయమ్మా, చివరిదాకా దించలేదు... నేను పక్కనే ఉన్నాను."